పెద్దమనిషయ్యాక పొడుగవుతుందిలే

మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, టైలరు. మా అక్క వాళ్ళ సందు చివర స్కూలు యూనిఫాంలు కుట్టే పెద్దాయన. జూన్ మొదటి వారంలో పిల్లని తీసుకెళ్తే టేపు వేసి, పాత నోటుబుక్కులో పేజీ తిప్పి చూసి, "పోయినేడు కొలతలే కదమ్మా" అన్నాడు. అక్క నవ్వి ఊరుకుంది. పెరిగే పిల్ల కదా అని స్కర్టు అంచు నాలుగు వేళ్ళ వెడల్పున మడిచి కుట్టించడం మా అక్కకి అలవాటు. ఐదో తరగతిలో కుట్టించిన స్కర్టుకి ఆ మడత ఏడో తరగతి దాకా విప్పే పని పడలేదు. బట్ట వెలిసిపోయింది గానీ పొట్టి కాలేదు.

నేను ఆ పిల్లకి మేనమామని. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాని. డాక్టర్ని కాదు. ఇక్కడ రాసే వైద్యం సంగతులన్నీ మూడేళ్ళుగా డాక్టర్ల గదుల బయట కూర్చుని, లోపలికెళ్ళి అడిగి, ఇంటికొచ్చి చదువుకుని తెలుసుకున్నవి. ఎవరికన్నా పనికొస్తాయని రాస్తున్నాను. కొంచెం కోపంతో కూడా రాస్తున్నాను. అది ముందే చెప్పడం మంచిది.

మా ఇంట్లో ఆ పిల్ల ఎత్తు గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒకే మాట మీదికి వచ్చేవాళ్ళు. "పెద్దమనిషయ్యాక పొడుగవుతుందిలేరా" అని. మా మేనత్త, అంటే పిల్లకి నానమ్మ, రోజుకోసారి అనేది. పక్కింటావిడ అనేది. ఆకలి టానిక్కు రాసిచ్చిన ఆర్‌ఎంపీ కూడా అన్నాడు. నేనూ అన్నాను. ఆ రోజుకి చీర పెట్టాల్సింది మేనమామ కాబట్టి, పిల్లకి పదకొండేళ్ళు దాటినప్పటి నుంచి "ఏమయ్యా, చీర కొన్నావా?" అని బంధువులు నన్ను ఆటపట్టిస్తుంటే మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆ మాట తప్పు. పూర్తిగా తలకిందుల మాట. ఆడపిల్లలు జోరుగా ఎత్తు పెరిగేది రజస్వల కాకముందు. అయ్యాక మామూలుగా ఇంకో ఐదారు సెంటీమీటర్లు, మహా అయితే ఏడు. ఎముకల చివర్లలో పెరుగుదల పలకలు ఉంటాయి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒంట్లో పెరిగేకొద్దీ అవి మూసుకుపోతాయి. అంటే మనం "అప్పుడు పెరుగుతుంది" అని ఎదురుచూసే రోజే నిజానికి పెరుగుదల తలుపు దగ్గరగా వేసే రోజు. తరతరాలుగా ఆడపిల్లల్ని పెంచిన ఇళ్ళలో ఈ సంగతి ఎలా తలకిందులైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. పిల్ల పుట్టినప్పుడు పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. బొద్దుగా పుట్టిందని సంబరపడ్డాం. అది కొవ్వు కాదు, లింఫ్ నీరు సరిగా పారక వచ్చే వాపు. రెండేళ్ళకి ముందే తగ్గిపోయింది, మేము మర్చిపోయాం. చెవిలో చీము మాటిమాటికీ వచ్చేది. చెరువులో స్నానం చేయించారని అక్కని తిట్టేవాళ్ళు. జడ వేసేటప్పుడు మెడ మీద జుట్టు బాగా కిందికి ఉందనీ, రిబ్బను నిలవదనీ అక్క విసుక్కునేది. గుప్పెట బిగిస్తే నాలుగో వేలి కణుపు పైకి లేచేది కాదు, అక్కడ చిన్న గుంట ఉండేది. లెక్కల్లో జామెట్రీ అంటే ఏడుపు, తెలుగు పద్యాలు మాత్రం ఒక్కసారి వింటే అప్పజెప్పేది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా జబ్బు కాదు. నాలుగో వేలు చిన్నగా ఉన్నవాళ్ళు మా యార్డులోనే పదిమంది ఉంటారు. కానీ అన్నీ ఒకే పిల్లలో ఉండి, ఆ పిల్లకి ఎదుగూ బొదుగూ లేకుండా ఉంటే వాటిని కలిపి చదివే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మాకు పన్నెండేళ్ళ ఎనిమిది నెలలకి దొరికింది.

గుంటూరులోనే ఒక పిల్లల డాక్టరు. జ్వరానికని తీసుకెళ్తే ఎత్తు కొలిచారావిడ. జ్వరంతో వచ్చిన పిల్ల ఎత్తు కొలిచిన డాక్టర్ని నేను అదే మొదటిసారి చూడ్డం. 126 సెంటీమీటర్లు. గ్రాఫు కాగితం తీసి చుక్క పెట్టారు. అన్నిటికన్నా కింద ఉండే గీతకి, అంటే నూటికి మూడోవాళ్ళ గీతకి, ఆ చుక్క చాలా కిందకి పడింది. బావ ఎత్తు 168, అక్క 155. ఆడపిల్లయితే రెండూ కలిపి అందులోంచి 13 తీసేసి సగం చెయ్యాలట. 155 వచ్చింది. దానికి అటూ ఇటూ ఎనిమిదిన్నర ఉండొచ్చట. "పాప వెళ్ళే దారి ఈ ఇంటికి చేరేలా లేదు" అన్నారావిడ. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

పాత ఎత్తులు అడిగారు. మా దగ్గరేం ఉంటాయి? చివరికి ప్రోగ్రెస్ కార్డుల వెనక ఎత్తు, బరువు రాసే గళ్ళు గుర్తొచ్చాయి. రెండేళ్ళ కిందట 120.5, ఏడాది కిందట 123. ఆ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లన్నా పెరగాల్సిన పిల్ల రెండున్నర, మూడు దగ్గర ఆగుతోంది. టైలరు చెప్పింది ఇదే. ఆయన బుక్కులో ఉన్నదే స్కూలు కార్డులోనూ ఉంది, రెండిటినీ మేము చదవలేదు.

థైరాయిడ్, రక్తం, గోధుమ పడకపోవడానికి చేసే సీలియాక్ పరీక్ష, ఎముక వయసు చూడ్డానికి ఎడమ మణికట్టు ఎక్స్‌రే. వాటితోపాటు ఆవిడ ఇంకోటి రాశారు, కార్యోటైప్. "ఇది ఎందుకమ్మా?" అన్నాడు బావ. "కారణం తెలియకుండా ఆడపిల్ల ఇంత పొట్టిగా ఉంటే ఇది చెయ్యకుండా పంపకూడదు" అన్నారు. తర్వాత చదివితే తెలిసింది, అది ఆవిడ సొంత పట్టుదల కాదని. 2016లో సిన్సినాటిలో వేర్వేరు దేశాల నిపుణులు కూర్చుని రాసిన మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. ఆడపిల్లలో కారణం తెలియని పొట్టితనం ఒక్కటి చాలు ఈ పరీక్ష చెయ్యడానికి, ఇంకే లక్షణం కోసమూ ఆగక్కర్లేదు.

ఈ పరీక్ష ఏమిటో మా యార్డు భాషలో చెప్తాను. మిర్చి బస్తాని మేము టిక్కీ అంటాం. మన కణాల్లో జన్యువులుండే మూటల్ని క్రోమోజోములంటారు, వాటిని టిక్కీలనుకోండి. కార్యోటైప్ అంటే లారీ దిగిన టిక్కీలు లెక్కపెట్టి, ఒక్కోదాన్నీ కంటితో చూడ్డం. 46 ఉండాలి, 45 ఉంటే తెలిసిపోతుంది. ఒకటి సగానికి తెగి ఉన్నా తెలుస్తుంది. మైక్రోఅర్రే అని ఇంకోటి ఉంది. అది ప్రతి టిక్కీనీ కాటా మీద పెట్టడం లాంటిది. కంటికి ఆనని చిన్న లోటు కూడా తూకంలో దొరుకుతుంది. కానీ తేజ రకం మిర్చి టిక్కీలో సగం తీసి బాడిగ రకం టిక్కీలో పోసి, అందులో సగం ఇందులో పోశారనుకోండి, తూకం ఎక్కడికీ పోదు. కాటా ఏమీ చెప్పదు, కంటితో చూసినవాడే చెప్తాడు. ఎగ్జోమ్ అనేది టిక్కీలు కోసి కాయ కాయా ఏరడం. చేతులూ కాళ్ళూ కురచగా ఉండే అకాండ్రోప్లేసియా పిల్లల్లో టిక్కీలన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎఫ్‌జీఎఫ్ఆర్3 అనే జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది. నూనన్ సిండ్రోమ్ పిల్లలు చూడ్డానికి కొంచెం మా పిల్లలాగే ఉంటారు, మగపిల్లల్లోనూ వస్తుంది, వాళ్ళ క్రోమోజోముల లెక్క మాత్రం తప్పదు. అందుకే "కార్యోటైప్ నార్మల్" అని కాగితం వస్తే జన్యువులన్నీ నార్మల్ అని కాదు. ఏ పరీక్ష ఎవరికో చెప్పాల్సింది పిల్లని చూసిన డాక్టరు. "ఫుల్ జెనెటిక్ ప్యాకేజీ" అని ఫోన్లో అమ్మేవాళ్ళు కాదు.

రక్తం మామూలుగానే తీస్తారు, హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులో. కానీ ఇది షుగరు పరీక్ష లాంటిది కాదు, ఇక్కడ కణాలు బతికి ఉండాలి. తెల్లకణాల్ని మూడు రోజులు పెంచి, అవి రెండుగా చీలుతున్నప్పుడు మధ్యలో ఆపేస్తారు, ఎందుకంటే అప్పుడే క్రోమోజోములు విడివిడిగా కనబడతాయి. ఆపడానికి వాడేది కాల్చిసిన్ జాతి మందు. మన కంచెల మీద ఎర్రగా, పసుప్పచ్చగా మంటలా పూసే అగ్నిశిఖ దుంపలో ఉండే విషం అదే. మేము సంక్రాంతి ముందు రోజు రక్తం ఇచ్చాం. శాంపిల్ సెంటరు వాళ్ళు పండగ సెలవులన్నీ దాన్ని పెట్టెలో ఉంచేశారు. పది రోజులయ్యాక "కల్చర్ రాలేదండీ, మళ్ళీ ఇవ్వాలి" అని ఫోను. మీరెవరన్నా ఇస్తే సోమవారమో మంగళవారమో ఇవ్వండి, పండగ ముందు ఇవ్వకండి, ఐసులో గడ్డకట్టించొద్దని చెప్పండి. ఈ చిన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. రెండోసారి హైదరాబాద్ వెళ్ళిన శాంపిల్‌కి మూడు వారాల్లో రిపోర్టు వచ్చింది. మాకు అయింది నాలుగు వేల చిల్లర. అంతకు ముందు నాలుగేళ్ళలో పొడుగవడానికని కొన్న పొడి డబ్బాల ఖర్చు అక్క ఎప్పుడూ లెక్కెయ్యలేదు. నేను వేశాను. దీనికి ఎన్నో రెట్లు.

ముప్ఫై కణాలు చూశారు. పంతొమ్మిదింటిలో 45 క్రోమోజోములే ఉన్నాయి, ఆడపిల్లకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండాల్సిన చోట ఒకటే. మిగతా పదకొండింటిలో 46 ఉన్నాయి గానీ, రెండో ఎక్స్ తేడాది. క్రోమోజోముకి ఉండే రెండు భాగాల్ని పొట్టి చెయ్యి, పొడుగు చెయ్యి అంటారు. దాని పొట్టి చెయ్యి పోయి, పొడుగు చెయ్యే రెండుసార్లు అతుక్కుని ఉంది. టర్నర్ సిండ్రోమ్, మొజాయిక్, అంటే కణాలన్నీ ఒకేలా లేని రకం. ఎత్తుకి సంబంధించిన షాక్స్ అనే జన్యువు ఉండేది సరిగ్గా ఆ పొట్టి చేతి కొసన. 1997లో కనుక్కున్నారు దాన్ని. అది రెండు కాపీలు పనిచెయ్యాలి, ఈ పిల్లకి ఒక్కటే ఉంది. పన్నెండేళ్ళుగా పాలు, గుడ్లు, జీడిపప్పు, బాస్కెట్‌బాలు, ఇనప రాడ్డుకి వేలాడటం. ఆ జన్యువుకి వీటితో ఏ సంబంధమూ లేదు.

రెండు, రెండున్నర వేల మంది ఆడపిల్లలు పుడితే వాళ్ళలో ఒకరికి ఇది ఉంటుంది. అమెరికాలో హెన్రీ టర్నర్ అనే డాక్టరు 1938లో ఏడుగురు ఆడవాళ్ళ గురించి రాశాడు. ఎక్స్ ఒకటే ఉండటం వల్ల అని తేలింది 1959లో. మనిషికి 46 క్రోమోజోములని సరిగ్గా లెక్క తేలిందే 1956లో. అంతకు ముందు 48 అనుకునేవాళ్ళు. ఇవేవీ కొత్త సంగతులు కావని చెప్పడానికి రాస్తున్నా. అరవై ఏళ్ళ పైబడిన పరీక్ష ఇది, మా వీధికి రావడానికి ఇంతకాలం పట్టింది.

రిపోర్టు వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో మొదటి మాట మేనత్తది. "మేనరికం చేసుకోబట్టి" అంది. అక్కది మేనరికమే, బావ మా మేనత్త కొడుకే. అంటే ఆ మాట ఆవిడ తననీ, మా నాన్ననీ కూడా కలిపి అన్నట్టే. రెండో మాట బావ వాళ్ళ అన్నయ్య భార్యది, "కడుపుతో ఉన్నప్పుడు ఆ మందులు మింగింది కదా" అని. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. మేనరికం వల్ల కొన్ని జబ్బులు రావడం నిజమే. ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం పిల్లలో కలిస్తే వచ్చేవి అవి. ఇది ఆ రకం కాదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు, లేదా పిండం మొదటి రోజుల్లో కణం చీలేటప్పుడు జరిగే పొరపాటు ఇది. బంధువుల్ని చేసుకున్నా, బయటవాళ్ళని చేసుకున్నా ఒకటే. తల్లి వయసుతో కూడా పనిలేదు. ఇంకో సంగతి. కణాలన్నిటిలో ఒకే ఎక్స్ ఉన్న పిల్లల్ని పరీక్షిస్తే, సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో ఆ మిగిలిన ఎక్స్ తల్లిదే. రాకుండా పోయింది తండ్రి వైపుది. మా పిల్ల విషయంలో ఎవరిదో మేము చూపించలేదు, చూపించి చేసేదేమీ లేదు కూడా. కానీ ఈ లెక్క మాత్రం ఆ రాత్రి పళ్ళేల ముందు కూర్చున్నప్పుడు అందరికీ వినబడేలా చెప్పాను. తండ్రుల తప్పని కాదు. అలవాటుగా వేలు ఎటు చూపిస్తున్నామో ఒకసారి చూసుకుంటారని.

అసలు గొడవ తర్వాత వచ్చింది. బావ మంచివాడు. రిపోర్టు మడిచి బీరువాలో పెట్టి, "ఇది ఇక్కడితో ఆపుదాం. ఎత్తు ఎలాగూ పెద్దగా రాదంటున్నారు. ఊరికే కాగితాలు పెంచుకుంటే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరి చేతిలోనన్నా పడతాయి" అన్నాడు. నాకు తెలిసిన చాలామంది తండ్రులు ఇదే అంటారు. అందులో భయమే గానీ దుర్మార్గం లేదు. కానీ అందులో ఒక తప్పుడు ఊహ ఉంది. ఈ పరీక్ష ఎత్తు కోసమని. ఎత్తు దొరకకపోతే పరీక్ష దండగ అని.

నేను బావతో అన్నది, ఇప్పుడు మీతో అంటున్నది ఒకటే. పొట్టితనం మనకి కనబడిన గుర్తు మాత్రమే. చూడాల్సినవి వేరే ఉన్నాయి. డాక్టరమ్మ రిపోర్టు చూడగానే ఎత్తు గురించి మాట్లాడలేదు, గుండె ఎకో రాశారు. బృహద్ధమని దగ్గర కవాటానికి మూడు రేకులుండాలి, మా పిల్లకి రెండే ఉన్నాయి. ఈ పిల్లల్లో ఇది తరచుగా ఉంటుందట, బృహద్ధమని సన్నబడటం కూడా. ఆయాసం లేదు, దడ లేదు. ఎకో తియ్యకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. ఇప్పుడు దానికి మందు కూడా అక్కర్లేదు, కానీ బీపీ చూసుకుంటూ, ధమని వెడల్పు కొలుచుకుంటూ ఉండాలి. ఈ పిల్లలకి సొంతంగా గర్భం రావడం కష్టం. ఇది తెలియకుండానే పెళ్ళయి, ఏ దాత అండంతోనో గర్భం దాల్చి ఉంటే ధమని చీలే ప్రమాదం ఉంటుంది. కిడ్నీలు స్కాన్ చేశారు, బాగున్నాయి. చెవుల పరీక్షలో ఎడమ చెవి కొంచెం మందం అని తేలింది. క్లాసులో పరధ్యానం అని టీచర్లు రాసిన ఏడేళ్ళ రిమార్కులకి అందులో సగం జవాబు దొరికింది. థైరాయిడ్ మొదట బాగానే ఉంది, రెండో ఏడు దెబ్బతింది, వెంటనే పట్టుకున్నారు. కొంతమంది పిల్లల్లో వై క్రోమోజోము ముక్క ఒకటి దాగి ఉంటుంది. అలా ఉంటే అండాశయాల చోట గడ్డలు వచ్చే అవకాశం ఉంది కాబట్టి ముందే తీసేయాలంటారు. మా పిల్లకి అది లేదని కూడా పరీక్షే చెప్పింది. బీరువాలో పెడితే ఇవన్నీ బీరువాలోనే ఉండేవి.

ఎత్తు సంగతి దాచను. గ్రోత్ హార్మోన్‌కి అమెరికాలో టర్నర్ పిల్లలకని అనుమతి వచ్చింది 1996లో. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత లాభం. నాలుగైదేళ్ళ వయసులో మొదలుపెట్టిన పిల్లలూ ఉన్నారు. మేము పదమూడో ఏట మొదలుపెట్టాం. రోజూ రాత్రి ఒక సూది, మందు ఫ్రిజ్‌లో ఉండాలి, కరెంటు పోతే టెన్షన్. ఖర్చు మామూలుది కాదు, అక్క నాన్‌తాడు తప్ప అన్నీ బ్యాంకుకి వెళ్ళాయి. రెండున్నరేళ్ళలో 13 సెంటీమీటర్లు వచ్చాయి. ఏమీ వాడకపోతే ఈ ఆడవాళ్ళు మిగతావాళ్ళకన్నా సుమారు 20 సెంటీమీటర్లు తక్కువగా ఆగిపోతారు. ఈ ఖర్చు పెట్టలేకపోతే? పెట్టలేకపోయినా కార్యోటైప్ చేయించాల్సిందే. పొట్టిగా ఉండి గుండె, చెవి, థైరాయిడ్ చూసుకుంటూ బతికితే నిండు జీవితం. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉంది. ప్రైవేటు తప్ప దారి లేదనుకోకండి.

అలాగని పొట్టిగా ఉన్న ప్రతి పిల్లాడి రక్తమూ హైదరాబాద్ పంపమనడం లేదు. మా కొట్టు యజమాని మనవడికి పదమూడేళ్ళు, పొట్టి. మా సంగతి విని వాళ్ళు హడావిడిగా ఎగ్జోమ్ చేయిస్తామన్నారు. అదే డాక్టరమ్మ వద్దన్నారు. ఎముక వయసు రెండేళ్ళు వెనకుంది, ఏడాదికి పెరగాల్సినంతా పెరుగుతున్నాడు, వాళ్ళ నాన్న కూడా ఇంటర్లోనే ఎత్తయ్యాడు. "ఆరు నెలలకోసారి కొలవండి, అంతే" అన్నారు. అక్కడ ఆగడమే వైద్యం. కొలుస్తూ ఆగడం. మేము ఆగింది అలా కాదు.

పిల్లకి చెప్పాలా వద్దా అని నెల రోజులు తర్జనభర్జన పడ్డాం. నేను చెప్పాలన్నాను. తన ఒంటి సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి తనకి తెలియకపోవడం ఏం న్యాయం? డాక్టరమ్మే బొమ్మ గీసి చెప్పారు. క్రోమోజోములు, ఎక్స్, రోజూ సూది, తర్వాత ఈస్ట్రోజెన్ మాత్రలు కొద్దికొద్దిగా మొదలుపెట్టడం, పిల్లలు సొంతంగా కలగడం కష్టమవచ్చని కూడా, ఆ వయసుకి అర్థమయ్యేంత. అంతా విని మా పిల్ల అక్క వైపు తిరిగింది.

"అయితే నేను అన్నం సరిగ్గా తినకపోవడం వల్ల కాదన్నమాట" అంది.

అంతే అడిగింది. ఏడవలేదు. ఏడ్చింది మేము. ఎన్నేళ్ళు తిట్టామో, ముద్ద ముద్దకీ, "తినవు కాబట్టే ఇలా ఉన్నావు" అని.

సంబంధాల మాట వచ్చినప్పుడు ఎవరికి ఎంత చెప్పాలో తనే చెప్పుకుంటుంది. బావ ఇప్పుడు ఆ విషయంలో నాతో వాదించడు, ఒప్పుకున్నాడని కాదు. చీర నేను పోయినేడు ఓణీల ఫంక్షన్‌కే పెట్టేశాను, దేనికోసమూ ఆగకుండా. కనకాంబరం రంగు. రంగు తనే ఎంచుకుంది.

ఈ మధ్య మా పక్క కొట్లో గుమాస్తా కూతుర్ని బండి మీద తీసుకొచ్చాడు. తొమ్మిదేళ్ళట. నేను ఆరనుకున్నాను. పుట్టినప్పుడు పాదాలు వాచాయా అని అడిగితే నా మొహం వింతగా చూసి, "అవునన్నా, మీకెలా తెలుసు?" అన్నాడు. డాక్టరు పేరు రాసిచ్చాను. సీజన్ కదా, టిక్కీలు దిగుతున్నాయి, యార్డుకి వేసవి సెలవులిచ్చాక వెళ్తానన్నాడు. వాళ్ళావిడ మాత్రం పెద్దమనిషయ్యాక పొడుగవుతుందిలే అంటోందట. నిన్న మళ్ళీ అడిగాను. రేపూ అడుగుతాను.